పెంపుడు పిల్లికి ఇంటి ఆహారము: తూకము, నిలువ

"పిల్లి శాపాలకు ఉట్లు తెగవు" అని సామెత. పాలు, పెరుగు, వెన్న పిల్లికి అందకుండ దూలమునకు ఉట్టి కట్టి దాచుట పూర్వము ప్రతి ఇంట నుండిన ఏర్పాటు. నేడు ఉట్టి స్థానమున ఫ్రిజ్ వచ్చినది. పిల్లి నుండి దాచుటకు బదులు, పిల్లి కొరకే ఆ ఫ్రిజ్‌లో మాంసము, చేపలు దాచువారు విశాఖపట్టణములో ఇప్పుడు పెక్కుమంది కలరు.

ఈ మార్పునకు కారణము తెలిసినదే. చేపలరేవులో తిరుగు పిల్లికి ఎవరును తూచి ఆహారము పెట్టనక్కరలేదు. తెల్లవారుజామున పడవలు ఒడ్డు చేరి వేలము మొదలగునప్పటికి అది తన వాటా కొరకు వచ్చి కూర్చుండును. మిగిలిన లోటు ఎలుకలతో పూరించుకొనును. కాని అయిదవ అంతస్తులో, తలుపులు మూసిన ఇంట పెరుగు పిల్లికి వేట లేదు. పళ్ళెములో మనము పెట్టినదే దాని ఆహారము. అందులో ఏదైన లోపించినచో దానిని వెదకి తెచ్చుకొను దారి దానికి లేదు.

"అడవిలో పిల్లి పచ్చిమాంసమే గదా తినును, మనమును అదే పెట్టిన చాలును" అని కొందరందురు. దుకాణములో కిలో కోడిమాంసము కొని, ముక్కలు చేసి, డబ్బాలో వేసి, ఫ్రిజ్‌లో ఉంచి, వారమంతయు కొంచెము కొంచెముగా పెట్టుచుందురు. ఈ పద్ధతిలో మంచి ఎంత? ప్రమాదమెంత? ఏ పదార్థము పెట్టవలెను, ఎంత పెట్టవలెను, ఎన్ని దినములు నిలువ యుంచవచ్చును? ఈ ప్రశ్నలకు జీవరసాయన శాస్త్రము, సూక్ష్మజీవ శాస్త్రము, భౌతిక శాస్త్రము మూడును కలిసి జవాబు చెప్పుచున్నవి. ఆ జవాబు పిల్లికి మాత్రమే సంబంధించినది కాదు. పిల్లి మాంసమున్న ఫ్రిజ్‌లోనే పసిబిడ్డ పాలును ఉన్నవి గదా!

పిల్లి మాంసాహారి యనుటలో అర్థము

కుక్క కూడ మాంసము తినును. కాని కుక్క అన్నము, రొట్టెలతో కొంతవరకు సర్దుకొనగలదు. పిల్లి సర్దుకొనలేదు. దీనిని శాస్త్రజ్ఞులు "నిర్బంధ మాంసాహారి" యందురు. ఈ నిర్బంధము రుచిని బట్టి వచ్చినది కాదు, ఎంజైములను బట్టి వచ్చినది. మనము కేరట్టు, ఆకుకూరలలోని కెరోటీనును విటమిను ఎ గా మార్చుకొందుము, పిల్లి మార్చుకొనలేదు. దానికి విటమిను ఎ జంతుపదార్థముల నుండి నేరుగా లభింపవలెను. మన శరీరములో ట్రిప్టోఫాను అను అమైనో ఆమ్లము నుండి నయాసిను కొంత తయారగును. పిల్లిలో అది చాలినంతగా తయారు కాదు. కావున పెరుగన్నముతో, పప్పన్నముతో పెరుగు పిల్లి కడుపు నిండినట్లు కనబడినను లోలోపల పస్తున్నట్లే లెక్క. పైగా చాల పిల్లులకు పెద్దవైన పిదప పాలలోని లాక్టోసు జీర్ణము కాదు, విరేచనములు పట్టుకొనును.

మన ఇంటి కూరలలో మిగిలిన ముక్కలు పెట్టుట మరింత ప్రమాదము. ఉల్లి, వెల్లుల్లిలోని గంధక సమ్మేళనములు పిల్లి ఎర్ర రక్తకణములను పగులగొట్టి రక్తహీనత కలిగించును. ఉల్లిపాయ ఉడికినంత మాత్రమున ఈ దోషము పోదు.

పాటెంజరు పిల్లులు

పచ్చిమాంసమే మేలని వాదించువారు తరచుగా ఒక పాత ప్రయోగమును చూపుదురు. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున ఫ్రాన్సిస్ పాటెంజరు అను వైద్యుడు 1932 నుండి 1942 వరకు సుమారు 900 పిల్లులపై పరిశీలన జరిపెను. ఒక గుంపునకు పచ్చిమాంసము, మరియొక గుంపునకు వండిన మాంసము ముఖ్యాహారముగ నిచ్చెను. పచ్చిమాంసము తిన్న పిల్లులు ఆరోగ్యముగ నుండెను. వండిన మాంసము తిన్నవి తరతరమునకు క్షీణించెను. ఆయన ఈ ఫలితములను 1946లో ప్రచురించెను. "వంట వలన మాంసములోని జీవశక్తి నశించును" అని పలువురు దీని నుండి తాత్పర్యము తీసిరి.

ఈ తాత్పర్యము సరియైనదేనా? విద్యార్థులు ఇచ్చట ఒక సూక్ష్మము గమనింపవలెను. ప్రయోగము ఒక భేదమును చూపినది. ఆ భేదమునకు కారణమేదో చూపలేదు. కారణమును తెలిసికొనుటకు మరికొన్ని దశాబ్దులు పట్టెను.

1827లో టీడెమన్, గ్మెలిన్ అను జర్మను శాస్త్రజ్ఞులు ఎద్దు పిత్తరసము నుండి ఒక పదార్థమును వేరుచేసిరి. ఎద్దును తెలుపు లాటిను మాటను బట్టి దానికి "టారిన్" అను పేరు వచ్చినది. దానివలన జీవులకు ప్రయోజనమేమో చాల కాలము తెలియలేదు. 1975లో హేయ్స్, ఆయన సహచరులు, టారిన్ లేని ఆహారము తిన్న పిల్లుల కంటిలోని నేత్రపటలము క్షీణించి అవి గ్రుడ్డివగుచున్నవని కనుగొనిరి. 1987లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకు చెందిన పయాన్, ఆయన సహచరులు టారిన్ కొరవడిన పిల్లులకు గుండె కండరము బలహీనమై గుండె ఉబ్బుచున్నదని, టారిన్ ఇచ్చినచో ఆ గుండె తిరిగి కోలుకొనుచున్నదని నిరూపించిరి. ఆ పిదప డబ్బా ఆహారములు తయారుచేయు సంస్థలు వాటిలో టారిన్ పాలు పెంచినవి. ఆ గుండెజబ్బు అరుదైనది.

మన శరీరము టారిన్‌ను చాలవరకు తానే తయారు చేసికొనును. పిల్లి శరీరములో ఆ తయారీ అత్యల్పము. అంతేకాక పిల్లి తన పిత్తరసములోని ఆమ్లములను టారిన్‌తోనే జతపరచును. మనవలె గ్లైసినును దానికి బదులుగా వాడుకొనలేదు. కావున దానికి ప్రతిదినము టారిన్ ఖర్చగుచునే యుండును. ఈ టారిన్ మాంసములో నున్నది. గుండెకాయలో, కోడి తొడ మాంసములో, రొయ్యలలో ఎక్కువ. రొమ్ము మాంసములో తక్కువ. ధాన్యములలో, పప్పులలో లేదు.

మరి పాటెంజరు పిల్లుల మాట ఏమి? టారిన్ నీటిలో కరగును. మాంసమును నీటిలో ఉడికించి ఆ నీటిని పారబోసినచో టారిన్‌లో ఎక్కువ భాగము ఆ నీటితో పోవును. ఆ పిల్లుల క్షీణతకు టారిన్ లోపమే ప్రధాన కారణమై యుండవచ్చునని నేడు పలువురు శాస్త్రజ్ఞులు భావించుచున్నారు. ఈ వివరణను బట్టి చూచిన, పోయినది జీవశక్తి యను అగోచర వస్తువు కాదు. దానికి పేరు కలదు, సూత్రము కలదు, తూకము కలదు. టారిన్ నీటి వెంట పోవునను మాటను పాఠకులు గుర్తుంచుకొనవలెను; ముందు ముందు రెండు చోట్ల పనికి వచ్చును.

మాంసము మాత్రమే చాలదు

అడవిలోని పిల్లి మాంసము మాత్రము తినదు. ఎలుకను ఎముకలతో, కాలేయముతో, గుండెతో సహా తినును. మనము దుకాణములో కొనునది కండ మాత్రమే. కండలో భాస్వరము కాల్షియము కంటె 15 నుండి 20 రెట్లు ఎక్కువ. శరీరమునకు కావలసినది ఇంచుమించు సమానమైన పాళ్ళు, కాల్షియము కొంచెమెక్కువ. కండ మాత్రమే తిను పిల్లిపిల్ల తన రక్తములోని కాల్షియమును నిలుపుకొనుటకై తన ఎముకలనే కరిగించుకొనును. చిన్న గెంతుకే కాలు విరుగును. "మంచి మాంసమే పెట్టుచున్నాము గదా" యని యజమాని ఆశ్చర్యపడును.

దీనికి చౌకయైన పరిష్కారము కోడిగ్రుడ్డు పెంకు. ఎముకలేని మాంసము కిలోకు సుమారు 2 గ్రాముల భాస్వరముండును. దానికి సరిపడ 2 గ్రాముల కాల్షియము కావలెను. పెంకు దాదాపు అంతయు కాల్షియము కార్బొనేటు. దాని అణుభారము 100. అందులో కాల్షియము 40. కావున 2 గ్రాముల కాల్షియమునకు 5 గ్రాముల కార్బొనేటు, అనగా కిలో మాంసమునకు 5 లేక 6 గ్రాముల పెంకుపొడి చాలును. పెంకును నీట మరగించి, ఆరబెట్టి, మెత్తగ నూరవలెను. రసాయన శాస్త్ర తరగతిలోని లెక్క ఇట్లు వంటింట ఉపయోగపడును.

కాలేయము, అనగా కార్జము, విటమిను ఎ కు గొప్ప నిధి. కాని నిధి యని ప్రతిదినము కార్జమే పెట్టినచో విటమిను ఎ శరీరములో పేరుకొని, మెడ ఎముకలు ఒకదానితో నొకటి అతుకుకొని, పిల్లి తల త్రిప్పలేని స్థితి వచ్చును. కిలో మిశ్రమములో కార్జము 50 గ్రాములకు మించకుండుట మంచిది.

చేపల సంగతి విశాఖ వారికి ముఖ్యము. కొన్ని జాతుల పచ్చిచేపలలో థయామినేజు అను ఎంజైము కలదు. నెత్తళ్ళ వర్గపు చేపలలోను, గండుచేప వర్గములోని కొన్ని చేపలలోను అది కనబడినది. ఆ ఎంజైము విటమిను బి1 ను నశింపజేయును. 1930ల దశకములో అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రమున పచ్చిచేపలు తిన్న పెంపుడు నక్కలు పక్షవాతముతో చనిపోవుటచే ఈ సంగతి బయటపడెను. పిల్లిలో మొదట ఆకలి మందగించును. పిదప తల క్రిందికి వాలిపోవును. తుదకు మూర్ఛలు వచ్చును. ఈ ఎంజైమును గడ్డకట్టించుట నశింపజేయదు, ఉడికించుట నశింపజేయును. ఇక కవళ్ళు, కానాగంతలు వంటి నూనె చేపలనే నిత్యము పెట్టినచో వాటి క్రొవ్వు త్వరగా ఆమ్లజనితో కలిసి చెడును. విటమిను ఇ తరిగిపోయి పిల్లి చర్మము క్రింది క్రొవ్వు వాచి నొప్పి పెట్టును. చేప పిల్లికి ఇష్టమే. అది వారమునకు ఒకటి రెండుసార్లు ఇచ్చు విందుగ నుండవలెను; నిత్యాహారము కారాదు.

ఎంత పెట్టవలెను?

ఇంట నుండు 4 కిలోల పెద్ద పిల్లికి దినమునకు సుమారు 200 కిలో కేలరీలు చాలును. ఒక చిన్న ఎలుకలో సుమారు 30 కిలో కేలరీలుండుననుకొన్నచో ఇది ఆరేడు ఎలుకల ఆహారము. ఎముకలేని కోడి తొడ మాంసము 100 గ్రాములకు సుమారు 150 కిలో కేలరీలు ఇచ్చును. కావున దినమునకు 133 గ్రాములు. రెండు పూటలకు పంచినచో పూటకు సుమారు 66 గ్రాములు. వారమునకు 930 గ్రాములు, అనగా కిలోకు కొంచెము తక్కువ. ఎదుగు పిల్లిపిల్లకు శరీరపు కిలో ఒక్కింటికి పెద్దదాని కంటె రెండు మూడు రెట్లు కావలెను. దానిని నాలుగు పూటలుగ పంచవలెను.

ఈ లెక్క ఆరంభము మాత్రమే. పదిహేను దినముల కొకసారి పిల్లిని తూచి చూడవలెను. పిల్లిని ఎత్తుకొని త్రాసుపై నిలబడి, పిదప తాను ఒంటరిగ నిలబడి, రెండవ తూకమును మొదటి దాని నుండి తీసివేసిన పిల్లి తూకము వచ్చును. ప్రక్కటెముకలు చేతికి తగులుచు, కంటికి కనబడకుండ నున్నచో పాళ్ళు సరిగనున్నట్లు. పైన చెప్పిన పదార్థములు గాక అయొడిను, జింకు, విటమిను ఇ వంటివి కూడ కావలెను గనుక, నెలల తరబడి ఇంటి ఆహారమే పెట్టదలచినవారు తమ మిశ్రమమును పశువైద్యునికి చూపి, టారిన్, విటమినుల మోతాదు వ్రాయించుకొనవలెను.

సూక్ష్మజీవుల లెక్క

కిలో మాంసము ఒక్కనాడు కొని వారము వాడవలెనన్నచో నిలువ ప్రశ్న వచ్చును. అనుకూలమైన వేడిమిలో కొన్ని బాక్టీరియాలు 20 నిమిషములకు రెట్టింపగును. గ్రాము మాంసముపై 100 బాక్టీరియాలు ఉన్నవనుకొందము. విశాఖలో మే నెల మధ్యాహ్నము 35 డిగ్రీల వేడిలో దానిని గట్టుపై ఉంచితిమి. 2 గంటలలో 6 రెట్టింపులు: 6,400. 4 గంటలలో 12 రెట్టింపులు: 4 లక్షల పైచిలుకు. 6 గంటలలో 18 రెట్టింపులు: 2 కోట్ల 62 లక్షలు. ఉదయము పళ్ళెములో పెట్టి ఆఫీసునకు పోయి సాయంకాలము వచ్చువారు ఈ లెక్కను తలచుకొనవలెను. పళ్ళెములోని తడి ఆహారమును 2 గంటలకు, వేడిమి 32 డిగ్రీలు దాటిన దినములలో 1 గంటకు తీసివేయవలెను.

చేపలలో మరియొక చిక్కు కలదు. కానాగంత వంటి ఎర్రకండ చేపలలో హిస్టిడిన్ అను అమైనో ఆమ్లము ఎక్కువ. వేడిలో నిలిచినచో బాక్టీరియాలు దానిని హిస్టమినుగ మార్చును. ఒకసారి ఏర్పడిన హిస్టమిను వంటకును పోదు, మంచుకును పోదు. అందువలననే పడవ మీదనే చేపకు సమానమైన తూకము మంచు వేయవలెనని మత్స్య సాంకేతిక నిపుణులు చెప్పుదురు. బుట్టలో మంచు లేకుండ ఎండలో నుండిన చేప పిల్లికి చౌక బేరము కాదు.

గడ్డకట్టించుట

ఫ్రిజ్ క్రింది అరలో 4 డిగ్రీల వద్ద బాక్టీరియాల పెరుగుదల మందగించును, ఆగదు. పచ్చి కోడిమాంసము అచ్చట ఒకటి రెండు దినములకు మించి నిలువదు. వారము నిలువవలెనన్నచో శూన్యమునకు దిగువన 18 డిగ్రీల వద్ద గడ్డకట్టింపవలెను.

కిలో మాంసమును 30 డిగ్రీల నుండి ఆ స్థితికి దింపుటకు ఎంత వేడి తీయవలెనో చూడుడు. మాంసపు విశిష్టోష్ణము సుమారు 0.8, కావున 0 డిగ్రీల వరకు 24 కిలో కేలరీలు. మాంసములో నీరు వందకు 72 పాళ్ళు. మంచు గుప్తోష్ణము గ్రాముకు 80 కేలరీలు. కావున గడ్డకట్టుటకు సుమారు 58. అచ్చట నుండి దిగువకు మరి 7. మొత్తము సుమారు 90. ఇందులో ఇంచుమించు మూడింట రెండు వంతులు గడ్డకట్టు ఆ ఒక్క మెట్టు వద్దనే పోవలెను. ముద్ద మధ్య భాగము ఆ మెట్టు వద్ద గంటల తరబడి నిలిచియుండును.

నిదానముగ గడ్డకట్టినచో కొలది మంచు స్ఫటికములు పెద్దవిగ పెరిగి కణముల పొరలను చీల్చును. కరిగించినప్పుడు ఎర్రని నీరు కారుటకు కారణమిదియే. వేగముగ గడ్డకట్టినచో స్ఫటికములు చిన్నవై, కణములు నిలుచును. ఈ సూత్రమును ఆహార పరిశ్రమలో వ్యాపింపజేసినవాడు అమెరికాకు చెందిన క్లారెన్స్ బర్డ్స్ ఐ. లాబ్రడారు చలిలో పట్టిన చేప క్షణములలో గడ్డకట్టి, కరిగిన పిదప తాజాగ నుండుట చూచి, ఆయన 1920ల దశకములో శీఘ్ర ఘనీభవన యంత్రములు నిర్మించెను. విశాఖ రేవు నుండి విదేశములకు పోవు రొయ్యలు నేడు ఆ సూత్రముననే సిద్ధమగుచున్నవి. ఒక్కొక్క రొయ్య విడివిడిగ నిమిషములలో గడ్డకట్టును.

మన ఇంట ఆ యంత్రములు లేవు. కాని ఒక ఉపాయము కలదు: మందము తగ్గించుట. మందము రెట్టింపైనచో గడ్డకట్టు కాలము రెట్టింపుకు మించును; లోపలి ఉష్ణవాహకతయే ప్రధానమైనచోట నాలుగు రెట్లకు చేరును. కావున కిలో ముద్దను ఒక డబ్బాలో కుక్కుటకు బదులు, పూట పూటకు ఒక పలుచని బిళ్ళగ, వ్రేలి మందమునకు మించకుండ చేసి పరచవలెను. దీనితో తూకము, నిలువ రెండును ఒక్క పనితో తీరును. కిలో ముద్దను ప్రతి పూట కరిగించి, కొంత తీసి, మరల గడ్డకట్టించువారు బాక్టీరియాలకు దినమునకు రెండు విందులు పెట్టుచున్నారు.

చలి చేయలేని పని

గడ్డకట్టిన మాంసము నిర్దోషమని తలచుట పొరపాటు. చలి కొన్ని పరాన్నజీవులను చంపును. టాక్సోప్లాస్మా అను సూక్ష్మజీవి కోశములు శూన్యమునకు దిగువన 12 డిగ్రీల వద్ద కొన్ని దినములలో చచ్చును. సముద్రపు చేపలలోని అనిసాకిస్ పురుగు పిల్లలకు దిగువన 20 డిగ్రీల వద్ద 7 దినములు కావలెను. మాటిమాటికి తలుపు తీయు ఇంటి ఫ్రిజ్ ఆ చలిని నిలుపుకొనుట కష్టము. సాల్మొనెల్లా వంటి బాక్టీరియాలు చావవు. నిద్రించును, కరగినప్పుడు మేల్కొనును. వైరసులను చలి కాపాడును.

ఈ చివరి మాట ఇటీవల ప్రాణముల మీదికి వచ్చినది. 2023లో పోలండులో హెచ్5ఎన్1 పక్షి జ్వరముతో పెంపుడు పిల్లులు చనిపోయినవి. 2024 డిసెంబరులో అమెరికాలోని ఆరెగన్ రాష్ట్రమున ఇల్లు వదలని ఒక పిల్లి, గడ్డకట్టించి అమ్మిన పచ్చిమాంసము తిని అదే వ్యాధితో చనిపోయినది. మాంసములోని వైరసు, పిల్లిలోని వైరసు ఒకటేయని పరీక్షలలో తేలినది. 2025 ఆరంభమున మధ్యప్రదేశములోని ఛింద్వాడాలో పిల్లులకు ఈ వ్యాధి సోకినది. అదే ఫిబ్రవరిలో మన గోదావరి జిల్లాల కోళ్ళ ఫారములలో ఇది చెలరేగినది. మార్చిలో పల్నాడు జిల్లాలో ఒక పసిబిడ్డ ఈ వ్యాధికి బలియైనది. ఆ బిడ్డ పచ్చి కోడిమాంసపు ముక్క తిన్నదని వార్తలు తెలిపినవి. పచ్చి మాంసము పిల్లికొరకు కోయు బల్లయే ఇంటి వంటబల్ల యైనప్పుడు ప్రమాదము పిల్లి పళ్ళెముతో ఆగదు.

టాక్సోప్లాస్మా గర్భిణులకు మరింత హాని. పచ్చిమాంసము ద్వారా అది పిల్లికి మొదటిసారి సోకినచో ఒకటి నుండి మూడు వారములు పిల్లి మలములో దాని అండకోశములు వెలువడును. అవి వెలువడిన వెంటనే అంటవు. అంటు శక్తి వచ్చుటకు కనీసము ఒక దినము పట్టును. కావున పిల్లి మలమును ప్రతిదినము తీసివేసిన ప్రమాదము చాల తగ్గును. గర్భిణులు ఆ పని చేయరాదు.

వండుటయే మేలైన మార్గము

కావున తీర్పు ఇది: పచ్చిమాంసములోని మేలును నిలుపుకొని కీడును తొలగించు దారి మెత్తగ వండుటయే. ముక్క మధ్యలో 75 డిగ్రీల వేడి తగిలినచో వైరసు, సాల్మొనెల్లా, టాక్సోప్లాస్మా అన్నియు నశించును. టారిన్ నశించదు, నీటిలోనికి దిగును. ఆ నీటిని పారబోయక మాంసములోనే కలుపవలెను. పాటెంజరు పిల్లులు మనకు నేర్పిన పాఠమిది.

పద్ధతి ఇట్లు: వారమునకు కావలసిన 930 గ్రాములలో తొడ మాంసము అధికముగను, గుండెకాయలు కొంతగను, కార్జము 45 గ్రాములకు మించకుండను తీసికొని, ఎముకలు తీసివేయవలెను. ఉడికిన ఎముక పెళుసై గొంతులో గ్రుచ్చుకొనును. ఉప్పు, కారము, ఉల్లి లేకుండ, కొద్ది నీటితో మూతపెట్టి ఉడికింపవలెను. దింపిన పిదప వెడల్పు పళ్ళెములో పరచి, ఆ పళ్ళెమును చల్లని నీటిలో నిలిపి, 2 గంటలలోపల చల్లార్చవలెను. పెంకుపొడి, వైద్యుడు వ్రాసిన టారిన్, విటమినులు అప్పుడు కలుపవలెను.

వండిన మాంసము బరువు తగ్గును గదా, తూకమెట్లు? మరల లెక్క వేయనక్కరలేదు. రసముతో సహా మొత్తము ఎంత యున్నను 14 సమభాగములు చేసిన, ఒక్కొక్కటి ఒక పూట ఆహారము. ఒక్కొక్క భాగమును చిన్న సంచిలో వేసి, గాలి వెళ్ళగొట్టి, పలుచగ నొక్కి, తేదీ వ్రాసి, ఒకదానిపై నొకటి పేర్చక విడివిడిగ పరచి గడ్డకట్టింపవలెను. గట్టిపడిన పిదప దొంతరగ పెట్టవచ్చును. ముందు పెట్టినది ముందు తీయవలెను. కోడిమాంసమును రెండు నెలలలోను, నూనె చేపను ఒక నెలలోను వాడివేయుట మంచిది. ఆ చలిలో కూడ క్రొవ్వు మెల్లమెల్లగ ముక్కిపోవుచునే యుండును.

కరిగించుట క్రింది అరలోనే జరుగవలెను. మంచు నీటికంటె నాలుగింతలు ఉష్ణవాహకము. గడ్డకట్టునప్పుడు పైపొర మంచై లోపలి వేడిని త్వరగా బయటికి పంపును. కరగునప్పుడు పైపొర నీరై వేడిని లోపలికి పోనీయక ఆపును. అందువలన కరగుట ఆలస్యము. గట్టుమీద పెట్టినచో పైపొర వెచ్చబడి చెడుచుండగనే లోపల రాయివలె నుండును. రేపటి రెండు బిళ్ళలను నేటి రాత్రి క్రిందికి దింపి, పెట్టుటకు ముందు సంచిని గోరువెచ్చని నీటిలో ఉంచిన చాలును. కారిన నీరు కూడ పిల్లికే పెట్టవలెను. టారిన్ నీటి వెంట పోవునని మరువరాదు. కరిగినదానిని ఒక దినములో వాడవలెను, మరల గడ్డకట్టింపరాదు.

విద్యుత్తు ఆగినప్పుడు

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు నగరములో పెక్కుచోట్ల దినముల తరబడి విద్యుత్తు లేదు. అట్టి వేళ తలుపు తీయనిచో నిండుగనున్న ఘనీభవన పెట్టె 48 గంటలు, సగము నిండినది 24 గంటలు చలి నిలుపుకొనును. క్రింది అర 4 గంటలు మాత్రమే. మనము ఊరిలో లేనప్పుడు విద్యుత్తు ఎంతసేపు పోయినదో తెలియుట ఎట్లు? చిన్న గిన్నెలో నీరు గడ్డకట్టించి, మంచుపై ఒక రూపాయి బిళ్ళను పెట్టి పైఅరలో ఉంచవలెను. తిరిగి వచ్చి చూచినప్పుడు బిళ్ళ పైననే యున్నచో ఆహారము గట్టిగనే నిలిచినది. బిళ్ళ అడుగున చేరి, దానిపై మంచు కట్టియున్నచో అంతయు ఒకసారి కరగి మరల గడ్డకట్టినదని అర్థము, దానిని పారవేయవలెను.

పాఠశాలలో చేయదగిన ప్రయోగము

ఉడికించి మెదిపిన బంగాళాదుంపలో మాంసమునందువలె నీరెక్కువ. 200 గ్రాముల చొప్పున రెండు భాగములు తీసికొని, ఒకటి ఉండగను, ఒకటి సెంటీమీటరున్నర మందపు బిళ్ళగను చేయుడు. రెండింటి మధ్యను శూన్యమునకు దిగువ కూడ చూపు థర్మామీటరు గ్రుచ్చి, ఫ్రిజ్ పైఅరలో ఉంచి, 15 నిమిషముల కొకసారి వేడిమిని వ్రాసి, రేఖాపటము గీయుడు. రెండు రేఖలును శూన్యమునకు కొంచెము దిగువన సమతలముగ సాగును. అది గుప్తోష్ణము వెలువడు మెట్టు. ఉండ రేఖలో ఆ మెట్టు ఎంత పొడవో, బిళ్ళ రేఖలో ఎంత పొట్టియో చూచినచో, వంటింట ఏ ఆకారము మేలో వేరుగ చెప్పనక్కరలేదు. ఇదే రేఖాపటము పిల్లి లేని ఇంటికిని వర్తించును. మన చేపలు, మన మాంసము, మన పిల్లల ఆహారము అదే మెట్టు దాటి గడ్డకట్టవలసియున్నది.